బరంపురం, గునుపురం, రాయగడ తెలుగువారికి హెచ్చరిక: ‘నాయకత్వ గ్రంథాల సెట్టు’ కొనకండి

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గునుపురం, రాయగడ ప్రాంతాల్లో దుకాణాలు, చిన్న పరిశ్రమలు నడుపుకుంటున్న తెలుగువారందరికీ ఈ మాట చేరాలని రాస్తున్నాను. పేరుమోసిన వ్యాపార గ్రంథాల సారమంతా తెలుగులో 24 సంపుటాలుగా ఇస్తామని, చదివినవారికి నాయకత్వ ధ్రువపత్రం కూడా ఇస్తామని చెప్పుకుంటూ కొందరు మన కొట్లకు వస్తున్నారు. ధర పది వేలు, పైన పన్ను. దయచేసి తీసుకోకండి. డబ్బు కట్టి తెప్పించుకుని, అట్ట నుంచి అట్ట దాకా తిరగేసిన మనిషిగా చెబుతున్నాను.

ఈ సరుకు మన దగ్గరే ఎందుకు చెల్లుబాటవుతోందో తేలిగ్గానే తెలుస్తుంది. మన పిల్లలు ఒడియా, ఇంగ్లిషు బడుల్లో చదువుకున్నారు. మా వయసువాళ్లకు మాత్రం తెలుగులో చదివితేనే విషయం మనసుకు పడుతుంది. తెలుగులో వ్యాపార పుస్తకం కావాలంటే సరిహద్దు దాటి శ్రీకాకుళమో విశాఖపట్నమో వెళ్లాలి. అలాంటి చోట చక్కని తెలుగు మాట్లాడుతూ ఒక అబ్బాయి గుమ్మంలోకి వచ్చి, “అమ్మా, రేపు ఈ యూనిట్ మీ అబ్బాయి చేతికి వస్తుంది కదా, పదిమందిని నడిపించడం ఇప్పటి నుంచే నేర్పవద్దా?” అని అడిగితే ఏ తల్లి కాదంటుంది? కొట్టు వారసత్వంగా వస్తుంది గాని, మనుషుల చేత మనసుపెట్టి పని చేయించే నేర్పు అలా రాదు. నేర్చుకోవాలన్న ఆ కోరిక ఎంతో మంచిది. దాన్ని అడ్డం పెట్టుకుని డబ్బు గుంజడం చూస్తేనే నాకు కడుపు మండుతోంది.

పెట్టె విప్పితే పైన నిగనిగలాడే అట్టలు, లోపల జిరాక్సు తీసిన పేజీలు. వరుసలు ఒక పక్కకు ఒరిగిపోయాయి, అంచుల్లో నల్లటి నీడలు పడ్డాయి. ఒక సంపుటంలో 48వ పేజీ తర్వాత నేరుగా 65వ పేజీ ఉంది. అంటే ఒకే కాగితం మీద కలిపి అచ్చేసే పదహారు పేజీల ఫారం మొత్తం ఎగిరిపోయిందన్నమాట. పేరున్న ప్రచురణకర్త వేసిన పుస్తకమైతే పేరు పేజీ వెనక ప్రచురణకర్త చిరునామా, ముద్రణ సంవత్సరం, హక్కులు ఎవరివి, అనువదించింది ఎవరు అన్నవి ఉంటాయి. ఇందులో ఆ పేజీ తెల్లగా ఉంది. వెనక అట్ట మీద ఐఎస్‌బిఎన్, అంటే పుస్తకం గుర్తింపు సంఖ్య, ఉంది గాని, అన్ని సంపుటాల మీదా ఒకటే సంఖ్య. విడివిడి పేర్లతో వచ్చే పుస్తకాల్లో ప్రతి దానికీ వేరే సంఖ్య ఉండాలి. పైగా ఆ సంఖ్య లెక్కకే నిలబడలేదు. మీరూ సరిచూసుకోవచ్చు: పదమూడు అంకెల్లో ఒకటో, మూడో, ఐదో స్థానాల్లోని అంకెలను అలాగే ఉంచి, రెండో, నాలుగో, ఆరో స్థానాల్లోని వాటిని మూడుతో గుణించాలి. ఇలాగే చివరిదాకా చేసి అన్నీ కూడితే మొత్తం సున్నాతో ముగియాలి. ముగియకపోతే ఆ సంఖ్య కల్పించినదో, తప్పుగా అచ్చయినదో.

బిల్లు ఇంకా విచిత్రం. పది వేలకు పద్దెనిమిది శాతం జీఎస్టీ అని మరో 1,800 వేశారు. అచ్చు పుస్తకాల మీద జీఎస్టీయే లేదు. ఫోను చేసి అడిగితే అది పుస్తకాల ధర కాదు, శిక్షణ రుసుము అన్నారు. సరే, శిక్షణ ఎప్పుడు అంటే పుస్తకాలు చదవడమే శిక్షణ అన్నారు. ఆ తర్వాత ఫోను ఎత్తడం మానేశారు.

కాగితం నాసిరకమైనా విషయం ఉంటే నోరు మూసుకునేదాన్నేమో. విషయమే లేదు. ఒక ఉదాహరణ చెబుతాను. కంప్యూటర్ చిప్‌లు తయారుచేసే ఇంటెల్ సంస్థను నడిపిన ఆండ్రూ గ్రోవ్ 1983లో యాజమాన్యం గురించి రాసిన పుస్తకాన్ని ఉదయపు ఫలహారంతో మొదలుపెడతాడు. ఉడికించిన గుడ్డు, కాల్చిన రొట్టె, కాఫీ, మూడూ వేడివేడిగా ఒకేసారి బల్ల మీదికి రావాలి. మూడింటిలో గుడ్డుకే ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి దాని చుట్టూ మిగతా పనులు అమర్చుకోవాలి అంటాడు. పొయ్యి దగ్గర నిలబడిన ఎవరికైనా అర్థమయ్యే మాట ఇది. ఈ సెట్టులో అదే పుస్తకం సారమని ఇచ్చిన చోట ఫలహారం లేదు, గుడ్డు లేదు. ‘ఉత్పత్తిని ప్రణాళికాబద్ధంగా నిర్వహించాలి’ అన్న ఒక్క వాక్యం ఉంది. దాన్ని పట్టుకుని ఎవరు ఏం చేయగలరు?

మా మేనల్లుడి దగ్గర అసలు పుస్తకం ఇంగ్లిషులో ఉంటే, ఆ అధ్యాయం వాడి చేత చదివించుకుని తెలుగులో చెప్పించుకున్నాను. మాది అప్పడాల యూనిట్. వానాకాలంలో మాకు ఆలస్యమయ్యేది పిండి దగ్గరా కాదు, ఒత్తడం దగ్గరా కాదు, ఆరబెట్టే దగ్గర. అది తెలిసీ తెల్లవారగానే పిండి మొత్తం కలిపించేదాన్ని. మధ్యాహ్నానికి సగం పిండి పులిసేది, ఒత్తే ఆడవాళ్ల మీద నేను కేకలు వేసేదాన్ని. ఇప్పుడు ఆరబెట్టే తట్టలు ఎన్ని ఖాళీ అవుతాయో ముందు చూసి, అక్కడి నుంచి వెనక్కి లెక్కకట్టి పిండి కలిపిస్తున్నాను. పిండి పాడవడం తగ్గింది, కేకలూ తగ్గాయి. ఒక మంచి పుస్తకంలోని ఒకే ఒక్క అధ్యాయం ఇంత చేసింది. అందుకే చెబుతున్నాను, సారాంశాలు ఇరవై నాలుగు వద్దు. అసలు పుస్తకం ఒకటి, పూర్తిగా ఉన్నది, కొనుక్కోండి. ఇంట్లో ఇంగ్లిషు వచ్చిన పిల్లలు ఉంటే వాళ్ల చేత చదివించుకోండి. వ్యాపారం అందుకోబోయేది వాళ్లే కాబట్టి ఇద్దరికీ లాభం.

ధ్రువపత్రం సంగతి. అది చూపిస్తే బ్యాంకులో అప్పు సులువుగా వస్తుందని వాళ్లు చెబుతారు. నేను మా బ్యాంకులో చూపించాను, పక్కన పెట్టేశారు. శిక్షణే కావాలనుకునే నిరుద్యోగ యువతకు బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణా సంస్థలు జిల్లాల్లో ఉన్నాయి. అక్కడ నేర్పడం, భోజనం, వసతి అన్నీ ఉచితం.

ఇంకొక సంగతి ముఖ్యం. మీరు మరో నలుగురి చేత కొనిపిస్తే మీ డబ్బు వెనక్కి ఇస్తామని ఆశ పెడతారు. ఆ పని అసలే చేయకండి. హక్కుదారు అనుమతి లేకుండా అచ్చేసిన ప్రతులను అమ్మడం 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం నేరం. తెలిసి చేసినవారికి ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి రెండు లక్షల వరకు జరిమానా పడవచ్చు. మన చుట్టాల దగ్గర, తోటి వ్యాపారుల దగ్గర పోయే మాట సరేసరి.

ఇప్పటికే కొన్నవారు ఊరుకోవద్దు. అమ్మినవాళ్ల చిరునామా ఆంధ్రలో ఉంది, మనం ఒడిశాలో ఉన్నాం, ఎక్కడికని తిరుగుతాం అని చాలామంది వెనకాడుతున్నారు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మనం నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. ఈ ఫిర్యాదులు వినే గంజాం జిల్లా వినియోగదారుల కమిషన్ బరంపురంలోనే ఉంది. ఐదు లక్షల లోపు విలువకు రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు, రెండేళ్ల లోపు వేయాలి. ముందుగా 1915కు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రంలో నమోదు చేయించుకోండి. మీరు వ్యాపారం కోసం కొన్నారు కాబట్టి వినియోగదారులు కారని వాళ్లు వాదించవచ్చు, బెదిరిపోకండి. సొంత కష్టంతో బతుకుతెరువు కోసం చేసుకునే పనికి కొన్నవారిని చట్టం వినియోగదారులుగానే చూస్తుంది.

నేను ఫిర్యాదు సిద్ధం చేస్తున్నాను. ఒకే రకంగా నష్టపోయినవారు కమిషన్ అనుమతితో అందరి తరఫునా కలిసి వేసే వీలుంది. కాబట్టి బిల్లు, డబ్బు పంపిన రసీదు, అట్టపెట్టె మీది చిరునామా చీటీ పారేయకండి. అన్ని సంపుటాల మీదా ఒకటే సంఖ్య ఉన్న వెనక అట్టలను వరుసగా పేర్చి ఒక ఫొటో తీసి ఉంచండి. మీలో ఎవరెవరు కొన్నారో కింద రాయండి, కాగితాలు ఎలా జతచేయాలో నేను చెబుతాను.