గ్యాస్ లేని అద్దె ఇంట్లో రెండేళ్లు

ఈ ఇంట్లో మీకు అన్నిటికంటే నచ్చినదేమిటని ఎవరైనా అడిగితే, నేల అని చెబుతాను. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ నగరపు ఉత్తర భాగంలో ఉన్న వూన్సెల్ పేటలో, అందుబాటు అద్దె అన్న ప్రకటన చూసి 2023 మే నెలలో మేము అద్దెకు దిగిన ఈ 70 చదరపు మీటర్ల అపార్టుమెంటులో గదులను వేడి చేసే రేడియేటర్లు లేవు, గ్యాస్ కనెక్షన్ లేదు. నేల కింద పరిచిన గొట్టాలలో 30 నుంచి 35 డిగ్రీల నీరు నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది. డిసెంబరులో ఉదయం ఆరింటికి, బయట ఇంకా చిమ్మచీకటిగా ఉండగా, చెప్పులు లేకుండా వంటింట్లోకి నడిచి వెళ్లి కాఫీ పెట్టుకోవడం ఎంత పెద్ద సుఖమో, ఈ దేశపు పాత ఇళ్లలో చలికాలం గడిపినవారికి నేను వివరించనక్కరలేదు.

మేము అంతకుముందు నాలుగేళ్లు ఉన్న ఫ్లాటు కూడా ఈ పేటలోనిదే. 1960లలో కట్టిన భవనం, ఇల్లు ఎంత ఇంధనం ఆదా చేస్తుందో ఏ నుంచి జీ వరకు చెప్పే ఎనర్జీ లేబుల్‌లో చివరి నుంచి రెండోదైన ఎఫ్, అద్దె 940 యూరోలు. గ్రోనింగెన్ ప్రాంతంలో 1959లో గ్యాస్ నిక్షేపాలు బయటపడిన తరువాత ఈ దేశంలో కట్టిన ఇళ్లకు, చవక గ్యాస్ ఎప్పటికీ ఉంటుందన్న నమ్మకమే గోడలలో కనబడుతుంది: పలుచని గోడలు, కిటికీల చుట్టూ చలిగాలి, గదికొక రేడియేటరు. 2022 చివరలో గ్యాస్ ధర ఆకాశానికంటినప్పుడు మేము ఒక్క హాలును మాత్రమే వేడి చేసుకొని, పడకగదిని చలికి వదిలేశాము. ఫిబ్రవరి నాటికి బీరువా వెనుక గోడంతా నల్లటి బూజు పట్టింది, అప్పటికి మూడేళ్ల మా అమ్మాయికి దగ్గు తగ్గలేదు. గ్యాస్ తవ్వకం వల్ల గ్రోనింగెన్‌లో భూకంపాలు పెరిగి, 2018 జూలై 1 తరువాత అనుమతి కోరే కొత్త ఇళ్లకు గ్యాస్ లైను ఇవ్వకూడదన్న నిబంధన వచ్చిందని వార్తలలో చదివి ఊరుకున్నానే గాని, దాని ఫలితం నా పాదాలకు తగిలేదాకా అందులోని మేలు నాకు అర్థం కాలేదు.

కొత్త ఇంట్లో మొదటి చలికాలం నాకు ఎక్కువగా గుర్తుండిపోయింది ఇడ్లీ పిండి వల్ల. పాత ఫ్లాటులో పిండి పులియడానికి రెండు రోజులు పట్టేది. ఓవెన్‌లో లైటు వేసి పెట్టేవాళ్లం, దుప్పటి చుట్టేవాళ్లం, అయినా అడుగున గట్టిగా, పైన నీళ్లగా ఉండేది. ఇక్కడ నేల గొట్టాలన్నీ ఒకచోట కలిసే చిన్న అర ఒకటి ఉంది. సంకోచిస్తూనే గిన్నెను రాత్రి ఆ అరలో పెడితే, తెల్లవారేసరికి పిండి మూతను పైకి తోసేసింది. తెనాలి నుంచి వచ్చి మూడు నెలలు ఉన్న మా అమ్మ, నవంబరులో పిండి ఇలా పొంగడం చూశాకే ఈ దేశంలో మేము బాగానే బతుకుతున్నామని నమ్మింది. ఇల్లంతా, స్నానాలగదితో సహా, పగలూ రాత్రీ 21 డిగ్రీల దగ్గరే ఉంటుంది. తడిబట్టలు లోపలే ఆరేసినా గోడకు చెమ్మ పట్టలేదు. అమ్మాయి దగ్గు ఆ ఏడు మళ్లీ రాలేదు. దానికి ఇల్లే కారణమని వైద్యులెవరూ చెప్పలేదు గాని, తల్లిదండ్రులుగా మేము అలాగే అనుకుంటున్నాము.

ఈ పద్ధతికి అలవాటు పడడానికి మాత్రం కొన్ని వారాలు పట్టింది. రేడియేటర్ల నీటిని గ్యాస్‌తో కాచే బాయిలర్ ఉన్న ఇంట్లో రాత్రి థర్మోస్టాట్ 15కు తగ్గించి, ఉదయం 20కి పెంచడం పొదుపు అని నేర్చుకున్నవాళ్లం. ఇక్కడా అదే చేస్తే, ఉదయం పెంచిన వేడి సాయంత్రం నాలుగింటికి గాని గదికి అందేది కాదు, ఆలోగా చల్లటి ఇంట్లో కూర్చొని యంత్రం పాడైందేమోనని కంగారు పడేవాళ్లం. కాంక్రీటు నేల మొత్తం వేడెక్కాలి, అదే నేల మళ్లీ నిదానంగా చల్లారుతుంది. ఒకసారి 21 అని పెట్టి, దాన్ని మరిచిపోవడమే మేలని తెలిశాక కరెంటు వాడకం కూడా తగ్గింది.

ఇప్పుడు 2024 జనవరి సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ ఇంటి గురించి నా అభిప్రాయం ఆ నాలుగు రోజులలో రెండు వైపులా మారింది. తూర్పు గాలి మొదలై పగటి ఉష్ణోగ్రత కూడా సున్నా దాటని వారం అది. ఆదివారం రాత్రి, నేల గొట్టాల నీటిని వేడి చేసే హీట్ పంపు మీద ఎర్ర దీపం వెలిగి, వేడి నీటి ట్యాంకుతో సహా అంతా ఆగిపోయింది. మా భవనంలో ప్రతి ఇంటికీ ఒక చిన్న హీట్ పంపు ఉంటుంది. అది భూమిలోతు నుంచి వచ్చే 10, 12 డిగ్రీల నీటిలోని వేడిని గ్రహించి, ఒక యూనిట్ కరెంటుకు మూడు నాలుగు యూనిట్ల వేడిని ఇస్తుంది. ఇంత వరకు అద్దెకు ముందే చెప్పారు. చెప్పనిది ఏమిటంటే, ఇల్లు ఒక సంస్థది, హీట్ పంపూ భూగర్భ గొట్టాలూ మరొక సంస్థవి, ఆ రెండింటి మధ్య గీత ఎక్కడ ఉందో అద్దె ఒప్పందంలో స్పష్టంగా లేదు.

సోమవారం ఉదయం ఇంటి యజమాని సంస్థకు ఫోను చేస్తే, హీట్ పంపు మాది కాదు, దాని సంస్థను అడగండి అన్నారు. ఆ సంస్థ వారు ఫోనులోనే నన్ను ప్రెషర్ మీటరు చదవమన్నారు, సాధారణంగా 1.5 నుంచి 2 బార్ ఉండవలసిన చోట 0.4 ఉంది. అంటే నీరు నేల గొట్టాల వైపు కారుతోంది, అది ఇంటి భాగం, యజమానిని అడగండి అని పెట్టేశారు. నీటి గొట్టం తగిలించి నీరు నింపడం ఈ దేశంలో అద్దెకున్నవారి పనే కనుక, పొరుగింటి పెద్దాయన సాయంతో ఆ సాయంత్రం నింపాను. యంత్రం మూడు గంటలు నడిచి, అర్ధరాత్రి మళ్లీ ఆగింది. మంగళవారం, బుధవారం ఈ రెండు ఆఫీసుల మధ్యే గడిచాయి. ప్రతిసారీ కొత్త గొంతు, ప్రతిసారీ మొదటి నుంచీ చెప్పుకోవడం, చివరికి టికెట్టు నంబరు ఇచ్చి వేచి ఉండమనడం. ఇండక్షన్ పొయ్యి మీద పెద్ద గిన్నెతో నీళ్లు కాచి, చిన్నప్పుడు మా ఊళ్లో చేసినట్టు బకెట్లో చన్నీళ్లు కలిపి అమ్మాయికి స్నానం చేయించాము. గురువారం మధ్యాహ్నం ఇద్దరు సాంకేతికులు, రెండు సంస్థల నుంచి వేరువేరుగా, దాదాపు ఒకే సమయానికి వచ్చారు. గొట్టాలు కలిసే అరలో గాలి బయటికి వదిలే ఒక చిన్న వాల్వు కారుతోంది. మార్చడానికి 20 నిమిషాలు పట్టింది.

ఆ నాలుగు రోజుల కోపం ఇంకా పోలేదు. అయితే అదే నాలుగు రోజులలో ఇల్లు ఏమి చేసిందో కూడా రాయడం న్యాయం. ఆదివారం రాత్రి 21 డిగ్రీలున్న ఇల్లు సోమవారం రాత్రికి 19.5కు, బుధవారానికి 18కి వచ్చి, గురువారం సాంకేతికులు తలుపు తట్టే సమయానికి 17 దగ్గర ఆగింది. పైన, కింద, పక్కన వెచ్చటి ఇళ్లు ఉండడం మాకు తోడ్పడిందన్నది నిజమే. కానీ పాత ఫ్లాటుకూ చుట్టూ ఇళ్లే ఉండేవి, బాయిలరు ఒక్క రాత్రి ఆగితే తెల్లవారేసరికి 13కు పడిపోయేది. గోడలలోని ఇన్సులేషన్, మూడు పొరల అద్దాలు, బయటికి పోయే గాలి వేడిని లోపలికి వచ్చే గాలికి అందించే వెంటిలేషన్, వీటి గురించి ప్రకటనలలో చదివినప్పుడు నాకు నమ్మకం కలగలేదు. యంత్రం చచ్చిపోయిన ఇంట్లో మామూలు స్వెట్టరుతో కూర్చోగలిగినప్పుడు కలిగింది.

ఖర్చు గురించి మొదటి ఏడు స్నేహితులకు నేను చెప్పిన మాటలను ఇప్పుడు కొంత సవరించుకోవాలి. గ్యాస్ బిల్లు సున్నా అని ఉత్సాహంగా చెప్పేవాడిని. పాత ఇంట్లో ఏడాదికి 1,100 ఘనపు మీటర్ల గ్యాస్ కాలేది. 2023లో ప్రభుత్వం పెట్టిన 1.45 యూరోల గరిష్ఠ ధరతో లెక్కించినా అది 1,600 యూరోలు. ఇక్కడ ఆ ఖర్చు లేదు, కానీ కరెంటు వాడకం 1,500 యూనిట్ల నుంచి 3,050 యూనిట్లకు పెరిగింది, దానికి తోడు హీట్ పంపుకూ భూగర్భ వేడికీ నెలకు 55 యూరోలు, వాడినా వాడకపోయినా, కట్టాలి. అన్నీ కలిపి చూస్తే ఏడాదికి ఆరేడు వందల యూరోలు మిగులుతున్నాయి. అద్దె మాత్రం 1,080 యూరోలు, అంటే పాతదానికంటే నెలకు 140 ఎక్కువ. కాబట్టి ఈ ఇల్లు మాకు చవక కాలేదు. అదే సమయంలో ఈ పేటలో మేము చూసిన ఇలాంటి కొత్త ఇళ్లకు మూడు, నాలుగు వందలు ఎక్కువ అడిగారు కనుక, అందుబాటు అద్దె అన్న మాటలో అబద్ధం లేదు.

వేసవి గురించీ నా పొగడ్తను కొంచెం తగ్గించుకుంటున్నాను. జూన్‌లో ఆ గొట్టాలలోనే చల్లటి నీరు తిరిగి నేల చల్లగా ఉండడం మొదట మంత్రంలా అనిపించింది. కానీ మా పెద్ద కిటికీలు పడమరకు ఉన్నాయి, బయట ఎండ తెర లేదు, పెట్టుకోవడానికి యజమాని అనుమతి ఇంకా రాలేదు. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున నేల మీద నీరు పట్టకుండా యంత్రం చల్లదనాన్ని తనంతట తానే తగ్గించుకుంటుంది. వేడిగాలుల వారంలో రాత్రి పదింటికి కూడా ఇంట్లో 27 డిగ్రీలు చూశాము. చలికాలంలో వేడిని బయటికి పోనివ్వని గోడలు వేసవిలోనూ అదే పని చేస్తాయి.

కొత్తగా వెతుకుతున్నవారు రెండు సంగతులు గమనించాలి. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన అందుబాటు అద్దెల చట్టం వల్ల ఇంటి వైశాల్యం, సౌకర్యాల వంటివాటిని బట్టి వేసే పాయింట్లు 186 వరకు ఉన్న ఇళ్లకు కొత్త ఒప్పందాలలో గరిష్ఠ అద్దె ఉంది; మంచి ఎనర్జీ లేబుల్ పాయింట్లను పెంచుతుంది, చివరి మూడైన ఇ (E), ఎఫ్, జీ లేబుళ్లు తగ్గిస్తాయి. అంటే మా పాత ఫ్లాటు వంటి ఇంటికి ఇప్పుడు ఎవరైనా కొత్తగా దిగితే, అద్దె వివాదాలు చూసే హ్యూర్‌కొమిస్సీ వెబ్‌సైటులో పాయింట్లు లెక్క వేసుకోవడం తప్పనిసరి. రెండోది, సంతకానికి ముందే హీట్ పంపు ఎవరిది, కారితే ఎవరు బాధ్యులు, సెలవు రోజున ఏ నంబరు పని చేస్తుంది అన్న మూడు ప్రశ్నలకు జవాబులు కాగితం మీద తీసుకోవాలి. మేము తీసుకోలేదు. ఇప్పుడు ప్రతి నెల మొదటి తేదీన ప్రెషర్ మీటరు చూసి ఫొటో తీసి పెట్టుకుంటున్నాను.

ఇంట్లో చిన్నపిల్ల ఉండి, నేను వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని చేస్తూ, పగలంతా ఇల్లు వెచ్చగా ఉండవలసిన మాకు ఇది సరిపోయింది. ఒంటరిగా ఉంటూ, వారంలో సగం రోజులు ప్రయాణాలలో గడిపేవారికి నెలనెలా ఆ 55 యూరోలు, నిదానంగా వేడెక్కే నేల భారమే అవుతాయి. వారికి ఈ ఇల్లు తీసుకోమని చెప్పను. వేడి నీటి ట్యాంకు 150 లీటర్లదే కనుక, నలుగురికంటే ఎక్కువ మంది వరుసగా తలస్నానాలు చేస్తే ఐదోవారు రెండు గంటలు ఆగాలి. వచ్చే నవంబరులో అమ్మా నాన్నా ఇద్దరూ వస్తున్నారు, అప్పుడు ఆదివారం స్నానాలను ఉదయానికీ సాయంత్రానికీ పంచుకోవాలని అనుకుంటున్నాము.