రీకాయిల్: కాలిఫోర్నియాలో కనుమరుగైన కోస్టర్‌కు రావిర్యాలలో తోబుట్టువు

హైదరాబాద్ శివార్లలో, ఔటర్ రింగ్ రోడ్డుకు దగ్గరగా రావిర్యాలలో 2016 ఏప్రిల్‌లో మొదలైన వండర్‌లా వినోద పార్కులో రీకాయిల్ అనే రోలర్ కోస్టర్ ఎక్కేవారు సాధారణంగా మెచ్చుకునేది దాని ఎత్తును, వేగాన్ని. నేను మార్కులు వేయదలచింది మాత్రం ఇంత కొద్ది పొడవు పట్టాలతో ఇంత పని చేయించిన డిజైన్‌కు. నెదర్లాండ్స్‌కు చెందిన వెకోమా సంస్థ 1980లలో రూపొందించిన బూమరాంగ్ తరహా కోస్టర్ ఇది. ఈ తరహావి ప్రపంచవ్యాప్తంగా 50కి పైగా వెలిశాయి. వాటిలో కొన్నింటిని ఇప్పటికే విప్పేశారు.

రైలును ముందుగా వెనక్కి లాగుతూ మొదటి టవర్ మీదికి ఎక్కిస్తారు. ముఖం నేలవైపు వాలి, ఇప్పుడే వదిలివచ్చిన స్టేషన్ కప్పు కాళ్ల కింద చిన్నదవుతూ ఉండగా కొక్కెం వదులుతుంది. రైలు స్టేషన్ గుండా దూసుకుపోయి, పాముపడగలా మెలితిరిగిన భాగంలో రెండుసార్లు, ఆ తరువాతి లూప్‌లో ఒకసారి మనల్ని తలకిందులు చేసి రెండో టవర్ ఎక్కుతుంది. రాపిడి వల్ల కొంత శక్తి పోతుంది కనుక అది తనంతట తాను పైదాకా చేరలేదు. మిగిలిన ఎత్తుకు గొలుసు లాగాలి. అక్కడ కళ్లెదుట ఆకాశం తప్ప మరేదీ కనిపించదు. ఆ తరువాత అదే దారిలో వెనక్కి, మళ్లీ మూడు తలకిందులు. రాబోయే మలుపు కనిపించని ఈ రెండో సగమే అసలు సరుకు అని నా అభిప్రాయం.

లూప్‌ను పక్కనుంచి గమనిస్తే అది పూర్తి వలయం కాదని, పైన ఇరుకుగా, కింద వెడల్పుగా ఉంటుందని తెలుస్తుంది. 1895లో న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో కట్టిన ఫ్లిప్ ఫ్లాప్ రైల్వే అనే కోస్టర్‌ లూప్ గుండ్రంగా ఉండడంతో, అందులోకి ప్రవేశించగానే పడే ఒత్తిడికి ప్రయాణికుల మెడలు నొప్పెట్టేవి. అది ఎక్కువ కాలం నిలవలేదు. 1976లో కాలిఫోర్నియాలోని మ్యాజిక్ మౌంటెన్ పార్కులో వచ్చిన రివల్యూషన్ అనే కోస్టర్‌తో జర్మన్ ఇంజనీర్లు ఆంటోన్ ష్వార్జ్‌కోఫ్, వెర్నర్ స్టెంగెల్ ఆకారాన్ని మార్చి ఆ ఇబ్బందిని దాటారు.

అదే కాలిఫోర్నియాలోని నాట్స్ బెర్రీ ఫార్మ్ అనే వినోద పార్కులో రీకాయిల్ తరహా కోస్టర్ ఒకటి ఉండేది. అక్కడ 1975లో యారో డెవలప్‌మెంట్ సంస్థ కట్టిన కార్క్‌స్క్రూ, ప్రయాణికులను తలకిందులు చేసిన ఆధునిక ఉక్కు కోస్టర్లలో మొదటిది. దానిని తరువాత ఐడహోలోని సిల్వర్‌వుడ్ పార్కు కొనుక్కొని తీసుకువెళ్లగా, ఖాళీ అయిన జాగాలో 1990లో బూమరాంగ్ వెలిసింది. చిన్న జాగాలో ఇమిడిపోవడమే ఈ తరహాకున్న పెద్ద బలం. నాట్స్ వంటి ఇరుకైన పార్కుకు అంతకన్నా ఏం కావాలి? అయినా 2017లో దానికి కాలం చెల్లింది. మరుసటి ఏడాదే అక్కడ హ్యాంగ్‌టైమ్ అనే కొత్త కోస్టర్ వచ్చింది.

బలహీనత కూడా ఆ పొదుపులోనే ఉంది. పోయిన దారినే తిరిగి రావాలి కాబట్టి పట్టాలమీద ఒక్క రైలే నడుస్తుంది. ఈ తరహా రైలులో సాధారణంగా 28 సీట్లు ఉంటాయి. అందువల్ల సెలవు రోజుల్లో క్యూ నెమ్మదిగా కదిలితే అది సిబ్బంది అలసత్వం కాదు, ఈ యంత్రం స్వభావమే. ప్రయాణం రెండు నిమిషాలు కూడా ఉండదు కాబట్టి గేటు తెరిచిన వెంటనే ఇటు రావడమే తెలివైన పని.

సీటు ఎంపికకూ లెక్క ఉంది. మొదటి టవర్ మీద అన్నిటికన్నా పైకి వెళ్లేది చివరి వరుస, రెండో టవర్ మీద ముందు వరుస. కిందికి జారడం ఇష్టమైనవారు వెనుక, వెనక్కి పడిపోవడం ఇష్టమైనవారు ముందు కూర్చోవాలి. తల ఆనించి, నిటారుగా కూర్చుంటే కుదుపులు తక్కువగా తెలుస్తాయి. మెడ, వెన్ను సమస్యలున్నవారికి దీనిని సిఫారసు చేయను. మిగిలినవారికి నా రేటింగ్ అయిదుకు నాలుగు.