గ్లాక్ 19లో స్టీలు కేసు తూటాలు: కొన్నేళ్ల వాడకం తర్వాత

ముందు నా తీర్పు చెప్పేస్తాను, వివరాలు ఓపిక ఉన్నవాళ్లు చదువుకోవచ్చు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినది వచ్చినట్టే ఉన్న 9 ఎంఎం పిస్టల్‌లో, షూటింగ్ రేంజ్‌లో ప్రాక్టీసు కోసం, స్టీలు కేసు తూటాలు, అంటే గుండునీ మందునీ పట్టి ఉంచే గొట్టం ఇత్తడికి బదులు స్టీలుతో చేసినవి, నిక్షేపంగా పనిచేస్తాయి. పిస్టల్ పాడైపోతుందని మనవాళ్లు పడే టెన్షన్‌లో చాలా భాగం రైఫిళ్ల నుంచి అరువు తెచ్చుకున్నదే. కాకపోతే ఇవాళ్టి ధరల్లో వీటిని కొనడానికి నాకు పెద్ద కారణం కనిపించడం లేదు. 2019లో కొనమంటారా అని అడిగి ఉంటే ఒక కార్టన్ కొనుక్కోండని చెప్పేవాణ్ణి.

నేనుండేది డాలస్ పక్కన. గ్రీన్ కార్డు వచ్చాక గ్లాక్ 19 పిస్టల్ కొన్నాను. అప్పటి నుంచి ప్రాక్టీసులో సగానికి పైగా స్టీలు కేసులే కాల్చాను. ఎక్కువగా తూలా, కొంత వుల్ఫ్, దొరికినప్పుడు బ్రౌన్ బేర్. అన్నీ రష్యా సరుకే, అన్నీ 115 గ్రెయిన్ల బరువున్న గుండే. కారణం ఒక్కటే, చవక. అప్పట్లో వాల్‌మార్ట్‌లో 50 తూలా రౌండ్ల (తూటాల) పెట్టె 8 డాలర్లకు అటూ ఇటూగా వచ్చేది, ఇత్తడి కేసువి 10 డాలర్ల దాకా ఉండేవి. రౌండుకి 4 సెంట్లు తేడా. వెయ్యి రౌండ్లకి 40 డాలర్లు మిగిలితే ఆ డబ్బుతో ఇంకో ఐదు పెట్టెలు కాల్చుకోవచ్చు కదా అనేది నా లెక్క.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. తూటా అంటే గుండు ఒక్కటే కాదు. గుండు, మందు, దెబ్బ తగలగానే ఆ మందుని అంటించే ప్రైమర్ అన్నీ పట్టి ఉంచే గొట్టం ఒకటుంటుంది, అదే కేసు. పేల్చగానే స్లైడ్ (పిస్టల్ పైభాగం) వెనక్కి వెళ్లి బయటికి విసిరేసేది దాన్నే. మామూలుగా అది ఇత్తడి. చవక రకాల్లో మెత్తటి స్టీలు వాడతారు, తుప్పు పట్టకుండా పైన ఒక పూత వేస్తారు. బ్రౌన్ బేర్‌కి లక్క రంగు లాకర్, సిల్వర్ బేర్‌కి జింకు, వుల్ఫ్, తూలాలకి బూడిద రంగు పాలిమర్. ఇక గుండు విషయం వేరే. ఈ రష్యన్ తూటాల్లో గుండు చుట్టూ ఉండే తొడుగు కూడా చాలావరకు స్టీలే, పైన పల్చటి రాగి పూత. లోపల సీసమే. అయస్కాంతం పెడితే కేసూ అంటుకుంటుంది, గుండూ అంటుకుంటుంది. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడటం వల్లే సగం గందరగోళం. స్టీలు కేసు చేసే పని వేరు, స్టీలు తొడుగు చేసే పని వేరు.

స్టీలు కేసంటే రష్యా వాళ్ల చవకబారు తెలివి అనుకునేవాళ్లకి ఒక సంగతి. రెండో ప్రపంచ యుద్ధంలో రాగి కొరత వచ్చి జర్మన్లు 9 ఎంఎం తూటాలకి లాకర్ పూసిన స్టీలు కేసులు వాడారు. అమెరికా కూడా తక్కువ తినలేదు. ఇండియానా రాష్ట్రంలోని ఎవాన్స్‌విల్‌లో కార్లు చేసే క్రైస్లర్ కంపెనీ నడిపిన ప్లాంటు .45 పిస్టల్ తూటాలు మూడు వందల కోట్లకు పైగా తయారు చేసింది, అందులో పెద్ద భాగం స్టీలు కేసులే. వాటిని కాల్చింది ఇక్కడివాళ్లు గుండెకి హత్తుకునే 1911 అనే మోడల్ పిస్టల్‌లో కూడా. తర్వాత 1951లో సోవియట్ సైన్యం తీసుకున్న మకరోవ్ పిస్టల్‌కి స్టీలు కేసే రోజువారీ తిండి.

ఇక వాడకం. పెట్టె విప్పగానే తేడా వేలికి తెలుస్తుంది. ఇత్తడి కేసు నున్నగా జారుతుంది, పాలిమర్ పూత కాస్త గరుకు. 15 రౌండ్లు పట్టే మ్యాగజైన్ (తూటాల డబ్బా)లో చివరి రెండు తోసేటప్పుడు బొటనవేలు నొప్పి పుడుతుంది. తూటాలు తోయడానికి సాయపడే లోడర్ వాడితే ఆ బాధ లేదు. కాల్చినప్పుడు చేతికి తగిలే దెబ్బలో నాకు పెద్ద తేడా తెలియలేదు. తూలా కాస్త మెత్తగా అనిపించింది, అంతే. వాసన మాత్రం మరిచిపోలేం. దీపావళి మర్నాడు వీధి ఎలా కంపు కొడుతుందో, నాలుగు మ్యాగజైన్లయ్యాక మన చేతులు అలా కొడతాయి. గురి విషయానికొస్తే 10 గజాల్లో నా చేతికున్న వణుకే ఎక్కువ, తూటా తేడా లెక్కలోకి రాదు. 25 గజాలకి వెళ్తే ఇత్తడి కేసు తూటాల రంధ్రాలు ఒకచోట చేరినంతగా ఇవి చేరవు.

మసి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, అసలు సమస్య అక్కడే ఉంది. పేలినప్పుడు కేసు లోపలి ఒత్తిడికి ఉబ్బి ఛాంబర్ (పిస్టల్‌లో తూటా కూర్చునే చోటు) గోడలకి అతుక్కుంటుంది, గ్యాస్ వెనక్కి రాకుండా మూస్తుంది. గుండు వెళ్లిపోగానే మళ్లీ కాస్త ముడుచుకుని వదులవుతుంది. ఇత్తడికి ఈ సాగే గుణం బాగా ఉంది. స్టీలు బిర్రుగా ఉంటుంది, ఇత్తడి మూసినంత బాగా మూయదు. ఆ సందులోంచి మసి వెనక్కి తన్ని ఛాంబర్‌లో పేరుకుంటుంది. 9 ఎంఎం గరిష్ఠ ఒత్తిడి 35,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌన్లు), .45ది 21,000 మాత్రమే. ఒత్తిడి తక్కువైన కొద్దీ మూత సరిగా పడదు కాబట్టి .45లో స్టీలు ఇంకా మురికి.

ఒట్టి స్టీలే కాలుస్తూ పోతే ఈ మసి పెద్దగా ఇబ్బంది పెట్టదు. గొడవంతా మధ్యలో ఇత్తడికి మారినప్పుడే. మా కొలీగ్ ఒకతను చిన్న సైజు పిస్టల్‌తో స్టీలు చాలా పెట్టెలు కాల్చి, అవి అయిపోయాయని అదే ఊపులో ఇత్తడి రౌండ్లు వేశాడు. రెండో మ్యాగజైన్‌లో స్లైడ్ సగం వెనక్కి వెళ్లి ఆగిపోయింది. "అన్నా, ఇది రావట్లేదు" అని నా వైపు తిరగబోయాడు. ముందు బ్యారెల్ (పిస్టల్ గొట్టం) టార్గెట్ వైపే ఉంచమని గట్టిగా చెప్పి, మ్యాగజైన్ తీయించి, స్లైడ్ వెనక్కి లాగి లాక్ చేయించి లోపలికి లైటు వేసి చూశాం. ఇత్తడి కేసు ఛాంబర్‌లో బిగుసుకుపోయి ఉంది, అంచు దగ్గర, కేసుని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ గోరు గీరి జారిన గీత మెరుస్తోంది. అది పేలిపోయిన ఖాళీ కేసే అని నిర్ధారించుకున్నాకే ముందు వైపు నుంచి ఇత్తడి కడ్డీతో తడితే టక్కున ఊడి వచ్చింది. పేలని రౌండు ఇరుక్కుంటే మాత్రం కడ్డీ జోలికి పోవద్దు, రేంజ్ ఆఫీసర్‌ని పిలవండి. తర్వాత ఛాంబర్‌లో గుడ్డ తిప్పితే నల్లటి రింగు మొత్తం దాని మీదకి వచ్చేసింది. లాకర్ కరిగి అంటుకుంటుంది అనే మాట మీరు వినే ఉంటారు. నేను తుడిచిన గుడ్డల మీద ఏనాడూ కరిగిన లాకర్ కనపడలేదు, కనపడింది మసే. స్టీలు నుంచి ఇత్తడికి మారేముందు బ్రష్‌తో ఛాంబర్ రెండు తిప్పులు తిప్పితే చాలు. నా గ్లాక్‌కి ఈ జబ్బు రాలేదు, దాని ఛాంబర్ కాస్త ఉదారంగా ఉంటుంది.

టిక్ మని శబ్దం వచ్చి పేలకుండా ఉండిపోయినవి అరుదుగా తగిలాయి. ఈ రష్యన్ ప్రైమర్లు గట్టివి. ట్రిగ్గర్ మెత్తగా ఉండాలని, ప్రైమర్‌ని కొట్టే స్ట్రైకర్‌కి స్ప్రింగ్ తేలికది వేయించుకున్నవాళ్లకి ఇలాంటివి ఎక్కువ వస్తాయి. పేలకపోతే కనీసం 30 సెకన్లు బ్యారెల్ టార్గెట్ వైపే ఉంచండి, ఆలస్యంగా పేలే అవకాశం ఉంటుంది.

ఇప్పుడు అందరూ అడిగేది, బ్యారెల్ అరిగిపోదా? ఈ భయానికి మూలం ఎక్కువగా లక్కీ గన్నర్ అనే తూటాలు అమ్మే సంస్థ 2013లో ప్రచురించిన పరీక్ష. నాలుగు ఏఆర్-15 రైఫిళ్లు, ఒక్కోదానికి 10,000 రౌండ్ల లక్ష్యం, ఒకదానికి ఇత్తడి, మిగతావాటికి స్టీలు. స్టీలు తొడుగు గుండ్లు కాల్చిన బ్యారెళ్లు సగం దాటాక అరిగిపోయాయి, ఇత్తడి తూటాల రైఫిల్ బాగానే ఉంది. అరగదీసింది కేసు కాదు, గుండు తొడుగు. అదీ .223 రైఫిల్‌లో, సెకనుకి 3,000 అడుగులు దాటే వేగంతో, బ్యారెల్ కాలిపోయేలా వరసగా కాల్చినప్పుడు. మన 9 ఎంఎం వేగం 1,150 అడుగుల చుట్టుపక్కల, ఒత్తిడి కూడా .223 దాంట్లో మూడింట రెండొంతులు లేదు. నా బ్యారెల్‌లో కంటికి కనిపించే అరుగుదల ఏమీ లేదు. పోనీ అరిగిందే అనుకుందాం, వేల రౌండ్ల మీద మిగిలిన డబ్బుతో కొత్త బ్యారెల్ వచ్చేస్తుంది. ఎక్స్‌ట్రాక్టర్ అయితే ఇంకా చవక, మార్చడం కూడా పది నిమిషాల పని.

అలాగని అన్ని పిస్టళ్లకీ పోయమనను. రివాల్వర్‌లో స్టీలు వద్దు. అక్కడ ఆరు కేసుల్నీ ఒకేసారి చేత్తో తోయాలి, మసి పట్టి బిగుసుకుంటే అరచేయి వాస్తుంది. పోటీల కోసం బిగుతుగా చేయించిన 1911లకీ వద్దు. మీ పిస్టల్ మాన్యువల్‌లో స్టీలు కేసు వాడొద్దని ఉంటే వారంటీ దగ్గర పేచీ వస్తుంది, ముందే చదువుకోండి. ఇంట్లో రక్షణకి పెట్టుకునే మ్యాగజైన్‌లో నేను స్టీలు ఎప్పుడూ పెట్టలేదు. అక్కడ నికెల్ పూత వేసిన ఇత్తడి కేసు హాలో పాయింట్లే (గుండు కొన బోలుగా ఉండేవి). నాలుగు సెంట్లు మిగిల్చుకునే చోటు అది కాదు. ఇది స్టీలు మీద కోపం కూడా కాదు, హార్నడీ లాంటి పేరున్న కంపెనీ స్టీల్ మ్యాచ్ పేరుతో స్టీలు కేసులో మంచి గుండు పెట్టి అమ్మింది. చవక తూటాలో చవకగా చేసేది కేసు ఒక్కటే కాదన్నది నా బాధ.

రేంజ్‌ల పేచీ ఇంకోటి. ఇండోర్ రేంజ్‌కి వెళ్తే చాలాచోట్ల కౌంటర్ దగ్గరే పెట్టెకి అయస్కాంతం పెట్టి చూస్తారు, అంటుకుందా, లోపలికి రానివ్వరు. స్టీలు తొడుగు గుండు వెనక గోడకున్న ఉక్కు పలకకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి, పేలని మందు పొడి పేరుకున్న చోట అది ప్రమాదమే. వాళ్లు పైకి చెప్పని కారణం ఇంకోటుంది. కింద పడ్డ ఇత్తడి ఊడ్చి అమ్ముకుంటే డబ్బులొస్తాయి, అందులో ఇనుము కలిస్తే ఏరుకోవాలి. టెక్సస్ ఎండాకాలంలో గడ్డి ఎండి ఉన్న బయటి రేంజ్‌ల్లోనూ కొన్నిచోట్ల ఒప్పుకోరు. అందుకే స్టీలు కొనాలంటే ముందు మీ రేంజ్‌కి ఫోన్ చేయండి. గంట డ్రైవ్ చేసి మట్టి గట్టు ఉన్న రేంజ్‌కి పోతే, మిగిలిన 4 సెంట్లు పెట్రోలుకే పోతాయి.

ఇత్తడి కేసులు ఏరుకుని మళ్లీ మందు కూరుకునేవాళ్లకి స్టీలు పూర్తిగా దండగ. నేను రీలోడింగ్ చేయను కాబట్టి నాకు ఆ బెంగ లేదు.

ధర సంగతి మళ్లీ. 2019 ఆగస్టులో ఎల్ పాసో కాల్పుల తర్వాత వాల్‌మార్ట్ పిస్టల్ తూటాలు అమ్మడం మానేస్తానని ప్రకటించింది. 2020లో కోవిడ్ వచ్చి అరలన్నీ ఖాళీ అయ్యాయి, మామూలు 9 ఎంఎం రౌండు అర డాలరు దాటింది. సరుకు మళ్లీ వస్తోందనుకునేలోపు, రష్యా ప్రతిపక్ష నేత నవాల్నీ మీద జరిగిన విషప్రయోగానికి విధించిన ఆంక్షల్లో భాగంగా రష్యా తూటాల దిగుమతికి కొత్త పర్మిట్లు ఇవ్వబోమని అమెరికా విదేశాంగ శాఖ 2021 ఆగస్టులో ప్రకటించింది, సెప్టెంబరు 7 నుంచి అమలు. పాత పర్మిట్ల మీద వచ్చిన సరుకు కొంతకాలం నడిచింది. ఇప్పుడు పాత తూలా పెట్టె ఎక్కడైనా కనిపించినా దాని ధర చూస్తే నవ్వొస్తుంది. ఇత్తడివి మాత్రం దిగొచ్చాయి, ఆన్‌లైన్‌లో వెయ్యి రౌండ్ల కార్టన్ తీసుకుంటే రౌండు పావు డాలరు లోపే పడుతుంది.

పాత స్టాకు కొనేవాళ్లు పూత చూసుకోండి. గీత పడ్డచోట తేమ తగిలితే ఎర్రగా తుప్పు వస్తుంది, హ్యూస్టన్ లాంటి ఉక్కపోత ఊళ్లలో మరీను. రబ్బరు అంచున్న డబ్బాలో సిలికా జెల్ వేసి పెడితే ఏళ్లు ఉంటాయి.

మనవాళ్లకి రెండు మాటలు చెప్పకపోతే తప్పు. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీదున్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. స్నేహితుడితో సరదాగా రేంజ్‌కి వెళ్లేముందు కూడా లాయర్‌ని అడగండి. రెండోది, రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగు ఇండియా ప్రయాణానికి వాడకండి. అడుగున మిగిలిన ఒక్క రౌండు శంషాబాద్ స్కానర్‌లో కనబడితే 1959 ఆయుధాల చట్టం కింద కేసు, తూటా కేసు స్టీలా ఇత్తడా అని అక్కడ ఎవరూ అడగరు.

నా అలమరలో ఇంకా కొన్ని తూలా పెట్టెలున్నాయి, అవి ఈ ఏడాది బయటి రేంజ్‌లో అయిపోతాయి. ఆ తర్వాత బ్లేజర్ బ్రాస్ అనే ఇత్తడి కేసు తూటాలు, 115 గ్రెయిన్‌వి. ఎవరైనా మళ్లీ రౌండుకి 5 సెంట్లు తక్కువకి స్టీలు తెస్తే ఒక కార్టన్ తీసుకుంటాను, 2 సెంట్ల తేడాకైతే తీసుకోను.