టియాగో ఈవీ 24 యూనిట్ల బ్యాటరీ: ఊళ్లో తిరగడానికి సరే, ఊరెళ్లడానికి?

కాగితం మీద మొదట్లో 315 కిలోమీటర్లని వేసినా, హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని తిరిగితే టాటా టియాగో ఈవీలోని 24 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) పెద్ద బ్యాటరీ ఇచ్చేది 190 నుంచి 210. ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద 100 వేగానికి తగ్గకుండా పోనిస్తే 150 దగ్గరికి వచ్చేస్తుంది. మే నెల ఎండలో ఏసీ గంటకు ఒక యూనిట్ దాకా తినేస్తుంది. కారు కదిలినా కదలకపోయినా ఆ ఖర్చు ఆగదు. అందుకే కూకట్‌పల్లిలో గంటసేపు పాకిన రోజున రేంజ్ వింతగా తగ్గినట్టు కనిపిస్తుంది. బండిలో లోపమేమీ లేదు. కొనేముందు 150 అనే అంకెనే నమ్ముకోండి, ఆపైన వచ్చేదంతా లాభం. రోజుకు 100 లోపు తిరిగేవాళ్లకు ఇంతకన్నా పెద్ద బ్యాటరీ దండగ.

నడపడం గురించి పెద్దగా చెప్పడానికేం లేదు, బాగుంటుంది. 55 కిలోవాట్ల మోటారు సిగ్నల్ పడగానే ముందుకు లాగుతుంది. రీజెన్‌కి, అంటే కారు నెమ్మదించేటప్పుడు మోటారే కరెంటు పుట్టించి బ్యాటరీకి తిరిగి పంపే ఏర్పాటుకి, మూడు స్థాయిలున్నాయి, ఊళ్లో రెండోది సరిపోతుంది. ఒక్కటి గుర్తుంచుకోవాలి. బ్యాటరీ 100 శాతం నిండి ఉన్నప్పుడు తిరిగొచ్చే కరెంటు దాచుకోవడానికి చోటుండదు కాబట్టి మొదటి కొన్ని కిలోమీటర్లు రీజెన్ పట్టదు. అలవాటు కొద్దీ యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి కారు ఆగుతుందనుకుంటే ఆగదు. ఫ్లైఓవర్ దిగువన ఇది బాగా తెలుస్తుంది.

అసలు సంగతి ఛార్జింగ్. కారు బుక్ చేయడానికి ముందే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. కారుతో వచ్చే పోర్టబుల్ ఛార్జర్ 15 ఆంపియర్ల సాకెట్‌లోనే పనిచేస్తుంది, నిజమే. గీజర్ కూడా ఇంచుమించు అంతే లాగుతుంది, కానీ ఇరవై నిమిషాలకే ఆగిపోతుంది. కారు మాత్రం ఎనిమిది తొమ్మిది గంటలు ఒకే బిగువున లాగుతుంది. పాత సాకెట్ లోపల రేకులు కాస్త వదులైనా అక్కడ వేడి పుట్టి, ప్లగ్ పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, చివరికి కరిగిపోతుంది. మీటర్ బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 20 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే ఆపేసే స్విచ్), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్), చివర ఇనప డబ్బాలో ఇండస్ట్రియల్ సాకెట్ పెట్టించుకుంటే నిశ్చింత. ఎక్స్‌టెన్షన్ బాక్స్ మాత్రం వద్దే వద్దు.

ఛార్జర్ మీద ఎర్ర లైటు వెలిగితే చాలామంది ముందు సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తారు. తొలుత ఎర్తింగ్ చూడండి. మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య కొలిస్తే, లోడు మీద ఉండగా 3 వోల్టుల లోపు రావాలి. ఉప్పు, బొగ్గు వేసిన పాతకాలపు ఎర్త్ గుంత ఎండాకాలంలో ఆరిపోతే ఈ అంకె పెరుగుతుంది. రెండు బకెట్ల నీళ్లు పోస్తే ఒక్కోసారి అప్పటికప్పుడే లైటు పచ్చబడుతుంది. అపార్ట్‌మెంట్ జనరేటర్ మీద ఎర్ర లైటు వస్తే కారణం వేరు: కొన్ని జనరేటర్లలో న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలపరు. కరెంటు వచ్చేదాకా ఆగడమే మేలు.

7.2 కిలోవాట్ల ఛార్జర్‌కి 6 చదరపు మిల్లీమీటర్ల వైరు కావాలి, మంజూరైన లోడు పెంచమని డిస్కమ్‌కి (కరెంటు పంపిణీ సంస్థకి) దరఖాస్తు పెట్టాలి. రాత్రంతా కారు ఊరికే నిలబడే ఇంట్లో దానికి డబ్బు పెట్టడం అనవసరం.

ఖాళీ బ్యాటరీ నిండడానికి వృథా కలుపుకుని మీటర్‌లో దాదాపు 27 యూనిట్లు తిరుగుతాయి. యూనిట్ 9 రూపాయలనుకున్నా 243 రూపాయలకు 200 కిలోమీటర్లు. ఇంటి మీటర్‌కే కలిపితే శ్లాబు మారి మిగతా వాడకం బిల్లు కూడా పెరుగుతుంది, దాన్నీ లెక్కలో వేసుకోండి.

దీని బ్యాటరీ సెల్స్ ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం. ఇవి సగం నిండినా ముప్పావు నిండినా వోల్టేజీ దాదాపు ఒకేలా ఉంటుంది, కాబట్టి ఎంత మిగిలిందో కారు అంచనా మెల్లమెల్లగా తప్పుతుంది. ఎప్పుడూ 40–80 శాతం మధ్యే తిప్పే బండ్లలో 15 శాతం చూపిస్తూ ఉన్నట్టుండి పడిపోవడం ఇందుకే. వారానికోసారి స్లో ఛార్జింగ్‌లో 100కి నింపి, నిండాక కూడా ఇంకో గంట ప్లగ్ తీయకుండా వదిలేయాలి.

ఇక ఊరెళ్లడం. హైదరాబాద్ నుంచి సూర్యాపేట 135 కిలోమీటర్లు, అక్కడి నుంచి విజయవాడ ఇంచుమించు అంతే. 80 వేగంతో వెళితే సూర్యాపేటకు 20 శాతంతో చేరుతుంది. 10 నుంచి 80 శాతానికి ఫాస్ట్ ఛార్జింగ్ దాదాపు గంట, ఆపైన ఇంకా నెమ్మది. 80 శాతంతో విజయవాడ చేరడం అంచు మీది వ్యవహారం. కాబట్టి నందిగామలో మరో అరగంట తప్పదు. ఇక్కడో కిటుకు: గంటలో కారు తీసుకునేది 17 యూనిట్లే. 60 కిలోవాట్ల ఫాస్ట్ ఛార్జర్ గన్‌కి ఎక్కువ రేటు కట్టినా దీని వేగం పెరగదు, 30 కిలోవాట్లది ఖాళీగా ఉంటే అక్కడే పెట్టుకోండి.

స్టెప్నీ లేదు, పంచర్ కిట్టే. పక్కగోడ చీలితే అది దేనికీ పనికిరాదు, టోయింగ్ ఒక్కటే దారి. 240 లీటర్ల డిక్కీలో ఒక పెద్ద సూట్‌కేసు, ఒక బ్యాగు. వెనక సీట్లో తొడలకు ఆనింపు తక్కువ, పొడగరులు కూర్చుని చూశాకే నిర్ణయించుకోవాలి. దాదాపు ఏ ఈవీలోనైనా పెద్ద బ్యాటరీని మేల్కొలిపేది చిన్న 12 వోల్టుల బ్యాటరీయే. అది చచ్చిపోతే పెద్దది నిండుగా ఉన్నా కారు కదలదు. డ్యాష్‌క్యామ్‌ని నేరుగా దానికి కలపొద్దు. వానాకాలంలో ముందు డిస్కులు తుప్పు పట్టి కరకరమంటాయి, రీజెన్ వల్ల బ్రేకు వాడకం తగ్గడమే కారణం. రోజుకోసారి రీజెన్ సున్నాకు దింపి నాలుగుసార్లు గట్టిగా నొక్కితే పోతుంది.

సొంత పార్కింగ్, సొంత సాకెట్ లేనివాళ్లకు ఏ ఈవీనీ సిఫారసు చేయను. నెలకు రెండుసార్లు ఊరెళ్లేవాళ్లు పెద్ద బ్యాటరీ ఉన్న టాటా పంచ్ ఈవీ చూడాలి. ఎంజీ కామెట్ ఇంకా చిన్నది, సందుల్లో హాయి, కానీ దానికి హైవే స్టేషన్లలో ఉండే డీసీ ఫాస్ట్ ఛార్జింగే లేదు. తెలంగాణలో 2024 నవంబర్ పాలసీ ప్రకారం రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజుల మినహాయింపు 2026 డిసెంబర్ 31 దాకా. డీలర్ ఇచ్చే ఆన్‌రోడ్ కొటేషన్‌లో ఆ రెండు వరసల్లో సున్నా ఉందో లేదో చూసుకోండి.