ఫ్రాన్స్ నంబరు ప్లేట్లు: తెలుపా, ఎరుపా, నలుపా?

పారిస్ వీధిలో ఆకుపచ్చ నంబరు ప్లేటు కనిపిస్తే అది విద్యుత్ కారు అనుకోకండి. మన దేశంలో ఆ రంగుకు అదే అర్థం కానీ, ఫ్రాన్స్‌లో అది దౌత్య వాహనం. దౌత్యవేత్తల కార్లకు ఆకుపచ్చ మీద నారింజ అక్షరాలు, కాన్సులేట్ కార్లకు తెల్ల అక్షరాలు ఉంటాయి. విద్యుత్ కారుకూ, ట్యాక్సీకీ, సొంత కారుకూ అక్కడ ఒకటే తెల్ల ప్లేటు. బండిని దేనికి వాడుతున్నారన్నది ఆ రంగు చెప్పదు. ఏ హోదాలో రిజిస్టరు చేశారన్నదే చెబుతుంది.

హోదాను బట్టి వచ్చే రంగును యజమాని మార్చుకోలేడు. 2026 జనవరి 1 నుంచి తాత్కాలిక రిజిస్ట్రేషన్లకు వచ్చిన గులాబీ ప్లేటూ అంతే. ఏది మేలో తేల్చుకునే వీలున్నది ముఖ్యంగా ఇద్దరికి: ఐరోపా సమాఖ్య బయటి నుంచి వచ్చి చాలా రోజులు తిరిగేవారికి, పాత కారు ఉన్నవారికి.

మొదటివారి ముందున్నవి రెండు దారులు. అద్దె కారు తీసుకుంటే తెల్ల ప్లేటు. పన్ను లేకుండా కొత్త కారు తీసుకుని, చివర్లో కంపెనీకే తిరిగి అప్పగించే ఒప్పందం చేసుకుంటే ఎర్ర ప్లేటు. గడువు దాని మీదే ఉంటుంది. వారం పది రోజులకైతే అద్దె కారే సుఖం. నెల దాటితే నా ఓటు ఎరుపుకే: కొత్త బండి, బీమా ఒప్పందంలోనే కలిసి వస్తుంది. కాకపోతే ఆ రంగు చూడగానే పరదేశి కారని దొంగలకూ తెలుస్తుంది. సామాను లోపల వదిలి వెళ్లకూడదు.

పాత కార్ల సంగతి ఇంతకన్నా ఆసక్తికరం. ముప్ఫై ఏళ్లు దాటి, ఆ రకం తయారీ ఆగిపోయి, అసలు రూపం చెడకుండా ఉన్న కారును ‘కలెక్షన్’ వాహనంగా నమోదు చేయించవచ్చు. అప్పుడు సాంకేతిక తనిఖీ రెండేళ్లకు బదులు అయిదేళ్లకు ఒకసారి వస్తుంది. నల్ల ప్లేటు మీద తెల్ల అక్షరాలు పెట్టుకునే హక్కూ వస్తుంది. అయితే వెసులుబాట్లన్నీ ఆ నమోదు వల్ల వచ్చేవే, రంగు వల్ల కాదు. కలెక్షన్ కారుకు తెల్ల ప్లేటే ఉంచుకున్నా ఏమీ పోదు.

తెలుపుకు దాని అందం దానికుంది. 2009లో మొదలైన ఏఏ-123-ఏఏ తరహా నంబరు బండి జీవితాంతం మారదు. కుడి అంచున ప్రాంతపు చిహ్నం, జిల్లా సంఖ్య ఉంటాయి. ఎక్కడ నివసిస్తున్నా నచ్చిన ప్రాంతాన్ని వేసుకోవచ్చు. పారిస్‌లో ఉంటూ కోర్సికా గుర్తు పెట్టుకునేవారున్నారు. నల్ల ప్లేటుకు ఈ హంగులు అక్కర్లేదు. కానీ ఐరోపా సమాఖ్య గుర్తు లేని ప్లేటుతో సరిహద్దు దాటాలంటే వెనక ఫ్రాన్స్‌ను సూచించే ‘ఎఫ్’ స్టిక్కరు అంటించుకోవాలి.

మరి ఏది? 1990లో తయారీ ఆగిన సిట్రోయెన్ టూ సీవీకి, 1992లో ఆగిన రెనో ఫోర్‌కి నలుపే తగినది, ఆ రోజుల్లో అవి నల్ల ప్లేట్లతో తిరిగినవే కాబట్టి. 1993లో కొత్త కార్లకు నలుపు పోయి, కాంతిని ప్రతిఫలించే ప్లేట్లు తప్పనిసరి అయ్యాయి. ఆ ఏడాదే వచ్చిన రెనో ట్వింగోకు ఇప్పుడు నలుపు తగిలించడం చట్టబద్ధమే కానీ, చరిత్రకు సరిపడదు. దానికి తెలుపే మేలు.