స్విండన్ రైల్వే విలేజ్: మ్యూజియంతో ఆగిపోకండి

స్విండన్‌కి వెళ్ళొచ్చాం అంటే ఇంగ్లండ్‌లో మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "షాపింగ్‌కా?" అని. పాత రైల్వే కర్మాగారం షెడ్లలో 1997లో అవుట్‌లెట్ మాల్ పెట్టారు మరి. మేం వెళ్ళింది మామగారి కోసం. ఆయన సికింద్రాబాద్ లాలాగూడ వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. ప్యాలెస్‌లు చూపిస్తే మర్యాదకి తలూపారు గానీ, రైలింజన్లు తయారుచేసిన ఊరు అనగానే ముందురోజు రాత్రే బూట్లు పాలిష్ చేసిపెట్టుకున్నారు.

లండన్ పాడింగ్టన్ నుంచి సుమారు గంట ప్రయాణం. రైల్వే విలేజ్ అంటే రైల్వే కార్మికుల పాత పేట. స్విండన్ స్టేషన్‌కి దగ్గరే, నడిచిపోవచ్చు, టాక్సీ దండగ. గ్రేట్ వెస్టర్న్ రైల్వే ఇంజనీరు బ్రూనెల్, ఇంజన్ల బాధ్యత చూసే డేనియల్ గూచ్ కలిసి కర్మాగారానికి ఈ చోటు ఎంచుకున్నారు. 1843లో పని మొదలైంది. దాని పక్కనే కార్మికుల కోసం కట్టినవి ఈ 300 రాతి ఇళ్ళు. లండన్ స్ట్రీట్, బ్రిస్టల్ స్ట్రీట్, ఎక్సెటర్, టాంటన్, రెడింగ్... వీధులకి ఆ కంపెనీ రైళ్ళు ఆగే ఊళ్ళ పేర్లే పెట్టారు. ఇప్పుడు చూస్తే ముచ్చటగా ఉన్నాయి గానీ, మొదట్లో ఇక్కడ విపరీతమైన ఇరుకు. 1853లో టైఫస్ జ్వరాలు ప్రబలాయి.

ఈ పేటలో నాకు అన్నిటికన్నా నచ్చింది వైద్య నిధి కథ. 1847లో మొదలైంది. ప్రతి కార్మికుడి జీతంలోంచి కొంత కోసుకుని, ఇంటిల్లిపాదికీ డాక్టరు, మందులు, తర్వాత్తర్వాత ఆసుపత్రి, పళ్ళ వైద్యం కూడా చూసేవారు. మిల్టన్ రోడ్డులో 1892లో కట్టిన ఈత కొలనులు, టర్కిష్ స్నానాల భవనం కూడా ఆ నిధిదే. 1948లో వచ్చిన నేషనల్ హెల్త్ సర్వీస్‌కి (బ్రిటన్ ప్రభుత్వ వైద్య వ్యవస్థ) ఇదే నమూనా అని స్విండన్ వాళ్ళు గట్టిగా చెప్పుకుంటారు. ఆ మాటలో కొంత ఊరి అభిమానం ఉండొచ్చు, కానీ ఉత్త గొప్పలని కొట్టిపారేయలేం.

పాత కర్మాగారం భవనంలోనే స్టీమ్ అనే రైల్వే మ్యూజియం ఉంది. దానికి టికెట్ ఉంది, తక్కువేం కాదు. కెర్ఫిల్లీ కాసిల్ ఇంజన్ ఒక్కటి చూసినా డబ్బు గిట్టుతుంది. అయినా అసలు విలువ అక్కడి వాలంటీర్లదే. వాళ్ళలో పాత కార్మికులున్నారు. ఒక పెద్దాయన మామగారి చేతులు చూసి "ఫిట్టరా?" అన్నారు. ఇంకేం, నేను దుబాసీగా నిలబడ్డాను. కర్మాగారం కూత ఊరంతటికీ గడియారమట. దూరాన లిడియార్డ్‌లో ఉండే బోలింగ్‌బ్రోక్ ప్రభువు 1870ల్లో నిద్ర పాడవుతోందని ఫిర్యాదు చేసినా అది ఆగలేదు. 1986 మార్చిలో కర్మాగారం మూసేశాకే ఆగింది. బ్రిటిష్ రైల్వేకి చివరి ఆవిరి ఇంజన్ ఈవినింగ్ స్టార్ 1960లో ఇక్కడే తయారైంది.

"ట్రిప్" గురించి చెప్పేటప్పుడు ఆ పెద్దాయన గొంతే మారిపోయింది. జూలైలో కర్మాగారం మూసి, కుటుంబాలన్నిటినీ ప్రత్యేక రైళ్ళలో సముద్రతీరాలకి పంపేవారు. ఒకప్పుడు 20 వేల మందికి పైగా ఒకేసారి బయల్దేరేవారు, ఊళ్ళో షాపులు కూడా మూతే. రైలు ఉచితమే గానీ చాలాకాలం పాటు ఆ రోజులకి జీతం ఉండేది కాదు. తిరిగొచ్చాక ఇల్లు నెట్టుకురావడం ఆడవాళ్ళ పాలిట టెన్షన్. పాతకాలాన్ని తల్చుకునేటప్పుడు ఈ ముక్క చాలామంది వదిలేస్తారు. ఆయన వదల్లేదు.

కార్మికులు రాకపోకలు సాగించిన సొరంగం ఇప్పటికీ వాడుకలో ఉంది. అందులోంచి నడిచి పేటలోకి రండి. ఇళ్ళ వెనక సందుల్ని ఇక్కడివాళ్ళు "బ్యాక్‌సీస్" అంటారు, అవీ తిరగండి. జనం కాపురాలుంటున్న ఇళ్ళు, కిటికీల్లోకి కెమెరా పెట్టకండి. ఒక ఇంటిని పాతకాలం సామాన్లతో చిన్న మ్యూజియంగా ఉంచారు. అది అన్ని రోజులూ తెరవరు, ముందే కనుక్కోవాలి. బాధ కలిగించింది మాత్రం 1855 నాటి మెకానిక్స్ ఇన్‌స్టిట్యూషన్. లైబ్రరీ, నాటకాలు, సాయంత్రం క్లాసులతో కళకళలాడిన భవనం కర్మాగారంతోపాటే మూతపడి పాడుబడింది. మాల్‌కి డబ్బు దొరికిన ఊళ్ళో దీనికి దొరకలేదంటే ఏమనాలి?

బస విషయానికొస్తే, మేం స్టేషన్ దగ్గర ఒక చవక హోటల్ తీసుకున్నాం. గది శుభ్రంగా ఉంది, కానీ శనివారం రాత్రి పబ్బుల సందడికి ఒంటిగంట దాకా నిద్ర లేదు. లిఫ్టు లేదన్న సంగతి కూడా వెళ్ళాకే తెలిసింది. పెద్దవాళ్ళతో వెళ్తే గుట్ట మీది ఓల్డ్ టౌన్ వైపు చూసుకోండి, అక్కడ ప్రశాంతం. కాకపోతే నడిస్తే ఎత్తు ఎక్కాలి, బస్సు మేలు. తిండికి ఇబ్బంది లేదు, ఊళ్ళో గోవావాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి చేపల పులుసు, అన్నం దొరికాయి.