అమెరికా స్విమ్మింగ్ స్కాలర్‌షిప్ ఇప్పిస్తామన్న ఏజెన్సీకి 2,40,000 కట్టాం, నా రివ్యూ ఇది

రేటింగ్ ముందే చెప్పేస్తా, 5కి 2. ఆ రెండూ కూడా అక్కడ పనిచేసిన ఒక్క కుర్రాడికి. ఏజెన్సీ పేరు రాయను, గొడవ ఇప్పుడిప్పుడే సద్దుమణిగింది, మళ్ళీ కదిలించే ఓపిక నాకు లేదు. డబ్బు కట్టే ముందు మేం ఇంకో రెండు చోట్ల కూడా అడిగాం, అక్కడా ఇవే మాటలు, ఇదే బ్రోషర్, కాబట్టి పేరు తెలియకపోయినా మీకు పెద్ద నష్టం లేదు.

మా అమ్మాయిది బ్రెస్ట్‌స్ట్రోక్, కప్పలా కాళ్ళు తన్నే ఈత. ఆరో క్లాసు నుంచి గచ్చిబౌలి పూల్లోనే ప్రాక్టీసు, పొద్దున్నే నాలుగున్నరకి లేవడం, కారు వెనక సీట్లో టిఫిన్, తడి జుట్టుతోనే స్కూలు. 2023 జూలైలో సీనియర్ నేషనల్స్ మన గచ్చిబౌలిలోనే జరిగాయి కదా, చూడ్డానికి వెళ్ళాం. గ్యాలరీలో పక్కన కూర్చున్నావిడ, 'ఆర్యన్ నెహ్రా ఫ్లోరిడా యూనివర్సిటీకి ఈదుతున్నాడు తెలుసా, మన పిల్లలు కూడా వెళ్ళొచ్చు, ఒక ఏజెన్సీ ఉంది' అని నంబర్ ఇచ్చింది. పాప అప్పుడే టెన్త్ అయింది. మా ఆయన వద్దన్నారు. నేనే పట్టుబట్టా, ఒప్పుకుంటున్నా.

వాళ్ళ ఆఫీసు బాగుంటుంది, ఏసీ, కాఫీ, గోడ మీద స్విమ్మర్ లియోన్ మార్షాండ్ ఫొటో. 'ఫ్రాన్స్ నుంచి వచ్చి అరిజోనా స్టేట్‌లో చేరాడు మేడమ్, పారిస్ ఒలింపిక్స్‌లో చూడండి ఏం చేస్తాడో' అన్నాడు ఓనరు. నిజమే, 2024లో నాలుగు గోల్డులు కొట్టాడు. తర్వాత నాకు తెలిసిందేమిటంటే మార్షాండ్ అక్కడి కోచ్ బాబ్ బౌమన్‌కి తనే మెయిల్ పెట్టుకున్నాడు. ఆ సంగతి ఆ గోడ మీద రాసుంటే మా 2,40,000 మిగిలేవి.

వాళ్ళు చేస్తామన్న పనులు: 300 కాలేజీలకు మెయిళ్ళు, ప్రొఫైల్, వీడియో, ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ) రిజిస్ట్రేషన్, ఇంటర్వ్యూ ట్రైనింగ్, వీసా గైడెన్స్. మెయిళ్ళ సంగతి ముందు చెప్తా, అసలు మోసపోయింది అక్కడే. నాలుగు నెలలైనా ఒక్క జవాబూ రాలేదు. అడిగితే 'టెన్షన్ పడకండి మేడమ్, కోచ్‌లు బిజీ' అన్నారు. చివరికి పంపిన మెయిల్ కాపీ చూపించమని కూర్చుంటే చూపించారు. 'డియర్ కోచ్' అని మొదలు, కోచ్ పేరు లేదు. రెండు పేరాలు పాప పట్టుదల గురించి, చిన్నప్పటి నుంచి కన్న కలల గురించి. అన్నిటికన్నా కింద ఒక లైను: 100 బ్రెస్ట్ 1:16.8. అంతే. మీటర్లా గజాలా అని కూడా లేదు!

స్విమ్మింగ్ పిల్లలున్నవాళ్ళకి నా కడుపుమంట అర్థమవుతుంది. మనం ఈదేది 50 మీటర్ల పూల్. అమెరికా కాలేజీల సీజనంతా 25 గజాల పూల్లో నడుస్తుంది, అంటే 22.86 మీటర్లు. దూరం తక్కువ, టర్నులు ఎక్కువ, ప్రతి టర్నుకీ గోడని తన్నే ఊపు ఒకటి, అందుకే టైములు బాగా తగ్గుతాయి. 50 మీటర్ల పూల్లో 1:16.8 అంటే గజాల్లో సుమారు 1:07 కింద లెక్క. కోచ్ దాన్ని గజాల టైమే అనుకుంటే, 'ఈ అమ్మాయి ఎందుకు రాసిందబ్బా' అనుకుని డిలీట్ కొడతాడు. తొమ్మిది సెకన్లకి పైనే తేడా! మా పాప తొమ్మిది సెకన్లు తగ్గించడానికి నాలుగేళ్ళు పట్టింది, వీళ్ళు ఒక్క లైనులో తిరిగి ఎక్కించేశారు.

ఆ గొడవ తర్వాత మా ఫైలు ఒక కొత్త కుర్రాడికి ఇచ్చారు. తనూ అమెరికాలో చిన్న కాలేజీకి ఈది వచ్చినవాడు. ఆ రెండు స్టార్లు తనవే. మొదటి రోజే కూర్చోబెట్టి నిజం చెప్పాడు. 'ఆంటీ, ఈ టైముకి డివిజన్ 1లో, అంటే అన్నిటికన్నా పై స్థాయిలో, పెద్ద టీములు చూడవు. చిన్న డివిజన్ 1, డివిజన్ 2 కాలేజీలకి రాద్దాం. ముందు ఆ కాలేజీ వెబ్‌సైట్‌లో వాళ్ళ బ్రెస్ట్‌స్ట్రోకర్ల టైములు చూడండి, కాన్ఫరెన్స్ మీట్‌లో (వాళ్ళ గుంపు కాలేజీల మధ్య పోటీ) 16వ స్థానం ఎంతకి వచ్చిందో చూడండి, మన పాప ఆ టైము దగ్గర్లో ఉంటేనే మెయిల్.' ఇంత సులువైన మాట అంతకుముందు ఎవరూ చెప్పలేదు. కోచ్‌కి కావాల్సింది పాయింట్లు తెచ్చే పిల్ల, పట్టుదల కథ కాదు.

స్కాలర్‌షిప్ లెక్క కూడా తనే విడమరిచాడు. మనం ఫుల్ స్కాలర్‌షిప్ అనుకుంటాం కదా, స్విమ్మింగ్‌లో అది చాలా అరుదు. డివిజన్ 1లో అప్పట్లో ఆడపిల్లల టీముకి 14, మగపిల్లల టీముకి 9.9 స్కాలర్‌షిప్‌లే గరిష్ఠం, డివిజన్ 2లో ఎవరికైనా 8.1. ఆ ఎనిమిది చిల్లరని పాతికమంది పిల్లలకి ముక్కలు చేసి పంచుతారు, కొందరికి అసలేమీ రాదు. డివిజన్ 3లో స్పోర్ట్స్ స్కాలర్‌షిప్పే లేదు. హార్వర్డ్, ప్రిన్స్‌టన్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలు కూడా ఆట కోసం డబ్బివ్వవు, ఇంటి ఆదాయాన్ని బట్టి సాయం చేస్తాయి. మా ఏజెన్సీ బ్రోషర్‌లో మాత్రం ఐవీ లీగ్ బొమ్మ వేసి కింద '100% స్పోర్ట్స్ స్కాలర్‌షిప్' అని ఉంది. దాన్ని ఇంకా దాచుకున్నా, ఎప్పుడైనా నవ్వుకోవడానికి.

ఇప్పుడు డివిజన్ 1 లెక్క మారింది. 2025 జూన్ 6న కోర్టు ఒక సెటిల్‌మెంట్‌ని ఆమోదించాక, అందులో చేరిన కాలేజీలకి స్కాలర్‌షిప్‌ల సంఖ్య మీద పరిమితి పోయింది, బదులుగా టీములో మనుషుల మీద పరిమితి వచ్చింది, స్విమ్మింగ్‌కి 30 మంది. వినడానికి బాగుంది కానీ, డబ్బు పెట్టే కాలేజీ పెడుతుంది, పెట్టనిది పెట్టదు, సీట్లు మాత్రం బిగుసుకున్నాయి. ఆ తీర్పు రాకముందు నుంచే కోచ్‌లు జాగ్రత్త పడ్డారు. మా పాపతో మూడు నెలలు బాగా మాట్లాడిన ఒక డివిజన్ 1 కోచ్, 2025 జనవరిలో, 'రోస్టర్ తగ్గించుకుంటున్నాం, సారీ' అని రెండు లైన్లు రాశాడు. ఇందులో ఏజెన్సీ తప్పేం లేదు. కానీ వాళ్ళకి ఆ సంగతి మా ద్వారానే తెలిసింది, అది మాత్రం తప్పే.

ఆరు నెలలకి ఆ కుర్రాడు ఉద్యోగం మానేశాడు. ఆ తర్వాత మెయిళ్ళు మేమే రాసుకున్నాం, పాప పేరుతో, పాప మెయిల్ నుంచి. సబ్జెక్టులోనే ఏ సంవత్సరం చేరుతుంది, ఏ స్ట్రోక్, 50 మీటర్ల పూల్ టైము, గజాల్లో అంచనా టైము. లోపల నాలుగు లైన్లు, మార్కులు, రేసు వీడియో లింకు, అధికారిక రిజల్ట్ లింకు. చేతి గడియారంతో తీసిన లోకల్ మీట్ టైములు పెట్టలేదు, గోడ తాకగానే టైము నమోదు చేసే టచ్‌ప్యాడ్ ఉన్న పోటీలవే. వీడియోలో మ్యూజిక్, స్లో మోషన్ ఏమీ వద్దు, స్టార్టు, టర్ను, పుల్‌అవుట్ (స్టార్టు, టర్ను తర్వాత నీళ్ళ కిందే కొట్టే పొడుగు స్ట్రోకు) కనిపిస్తే చాలు. (డైవింగ్ పిల్లలకి టైమనేదే ఉండదు కాబట్టి వాళ్ళకి వీడియోనే సర్వస్వం, ఏయే డైవ్‌లు వచ్చో లిస్టు రాసి ఒక్కొక్కటీ పక్క నుంచి తీసి పెట్టాలి.) 62 మెయిళ్ళు పెడితే 19 జవాబులు, అయిదు కాల్స్, రెండు ఆఫర్లు.

ఇంకో సంగతి, టెన్త్ అయ్యాక వచ్చే జూన్ 15 నుంచే డివిజన్ 1 కోచ్‌లు పిల్లలకి జవాబు రాయొచ్చు, మాట్లాడొచ్చు. మనం అంతకుముందే రాసినా వాళ్ళ నుంచి సరైన జవాబు రాదు, అది చూసి నిరుత్సాహపడకండి.

కోచ్‌తో మొదటి కాల్ నాకు ఇప్పటికీ గుర్తే. అక్కడ సాయంత్రం ఆరు, ఇక్కడ పొద్దున్న అయిదున్నర. పాప పూల్ బయట కారులో కూర్చుని మాట్లాడింది, గాగుల్స్ నుదుటి మీదకి తోసుకుని, ఒళ్ళో టవల్. ఏజెన్సీ వాళ్ళ ఇంటర్వ్యూ ట్రైనింగ్‌లో ఒక పేజీ బట్టీ పట్టించారు, ఈత అంటే నాకు ప్రాణం, మీ యూనివర్సిటీ నా కల, ఇలా. ఆవిడ (లేడీ కోచ్) అడిగిన మొదటి ప్రశ్న, 'నీ రేసులో ఏది బాగోదు?' పాప ఒక్క క్షణం నా వంక చూసింది, తర్వాత, 'రెండో పుల్‌అవుట్ తొందరగా పైకి వచ్చేస్తాను, ఊపిరి సరిపోదేమోనని భయం' అంది. అవతల నుంచి నవ్వు. అక్కడి నుంచి నలభై నిమిషాలు పుల్‌అవుట్ గురించే మాట్లాడుకున్నారు, నేను డ్రైవింగ్ సీట్లో నిద్రపోయా. ఇప్పుడు పాప ఉన్నది ఆ కోచ్ దగ్గరే.

చదువు సంగతి. ఇంటర్ ఎంపీసీ, డే స్కాలర్. కార్పొరేట్ కాలేజీల స్టడీ అవర్స్‌తో ఈత కుదరదని ముందే తేల్చుకుని, కాస్త పేరు తక్కువున్న కాలేజీలో వేశాం, చుట్టాలంతా తిట్టారు. ఆడే అర్హత తేల్చే ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌కి తొమ్మిది నుంచి పన్నెండు దాకా చదువు లెక్కే, టెన్త్ మెమో, ఇంటర్ మెమో రెండూ కావాలి. అయితే ఏజెన్సీ వాళ్ళు 'ఎన్‌సీఏఏకి శాట్ తప్పనిసరి' అని ఇంకో 45,000 కోచింగ్ అంటగట్టబోయారు. ఆ నిబంధన 2023 జనవరిలోనే తీసేశారు. కాలేజీ తన అడ్మిషన్‌కి అడిగితే అది వేరే విషయం, మా కాలేజీ ఇంగ్లిష్ పరీక్ష ఒక్కటే అడిగింది. అలాగే చివరి దాకా 'ఎన్‌ఎల్‌ఐ సంతకం రోజు ఫంక్షన్ చేద్దాం' అంటూనే ఉన్నారు, ఫలానా కాలేజీలోనే చేరతానని పిల్లలు సంతకం పెట్టే ఆ ఎన్‌ఎల్‌ఐ అనే కాగితం 2024 అక్టోబరులో రద్దయింది, ఇప్పుడు కాలేజీ ఇచ్చే ఎయిడ్ అగ్రిమెంటే అసలు కాగితం.

ఇక అసలు గొడవ. అగ్రిమెంట్ నాలుగో పేజీలో చిన్న అక్షరాల్లో, 'వచ్చిన స్కాలర్‌షిప్ మొత్తంలో 10 శాతం సక్సెస్ ఫీజు' అని ఉంది. సంతకం పెట్టేటప్పుడు చదవలేదు, నాదే తప్పు. ఆఫర్ వచ్చాక ఆ లైను పట్టుకుని వచ్చారు. మా కోచ్ సార్ చూసి, 'అమ్మా, ఇది కట్టొద్దు, పాప ఎలిజిబిలిటీకే ముప్పు' అన్నారు. వెతికితే నిజమే. పిల్లల వివరాలు కాలేజీలకి పంపే సర్వీసుకి ఫీజు కట్టొచ్చు, కానీ ఆ ఫీజు స్కాలర్‌షిప్ వచ్చిందా లేదా అన్నదాని మీద ఆధారపడి ఉండకూడదని ఎన్‌సీఏఏ నియమం. ఓనర్‌ని అడిగితే, 'అందరూ ఇస్తున్నారు మేడమ్, వాళ్ళకెలా తెలుస్తుంది' అన్నాడు. నా బిడ్డ పన్నెండేళ్ళ వయసు నుంచి తెల్లారుజామున లేచింది ఈయన 10 శాతం కోసమా!

ఇవ్వను అన్నాక ఏం చేశారంటే, ఎలిజిబిలిటీ సెంటర్ అకౌంట్ వాళ్ళ ఆఫీసు మెయిల్‌తో తెరిచారు కాబట్టి పాస్‌వర్డ్ ఇవ్వకుండా తిప్పారు. పదకొండు రోజులు. మా ఆయన వెళ్ళి నియమం ప్రింటు తీసి టేబుల్ మీద పెట్టి, ఈ విషయం మెయిల్‌లో రాసి పంపమన్నాక ఆ లైను కొట్టేసి పాస్‌వర్డ్ ఇచ్చారు. దయచేసి ప్రతి అకౌంటూ మీ పిల్లల మెయిల్‌తో, మీ ఫోన్ నంబర్‌తో మీరే తెరవండి.

డబ్బు లెక్క అడుగుతారు కాబట్టి చెప్తున్నా. డివిజన్ 2 కాలేజీ, అమెరికా మధ్య భాగంలో చిన్న ఊరు. ఏడాదికి మొత్తం ఖర్చు 42,000 డాలర్లు. స్విమ్మింగ్‌కి 12,000, మార్కులకి 9,000 ఇచ్చారు. మార్కుల డబ్బు ఈత రాని పిల్లకైనా వచ్చేదే, అది కూడా ఏజెన్సీ తన ఖాతాలోనే వేసుకుంది. మిగతా 21,000 మేం కట్టాలి, ఇంకా మేం కట్టినప్పుడు సెవిస్ (విదేశీ విద్యార్థుల నమోదు) ఫీజు 350, వీసా 185. స్కాలర్‌షిప్‌లో హాస్టల్, భోజనం వాటా ఉంటే దాని మీద విదేశీ విద్యార్థులకి 14 శాతం టాక్స్ కోస్తారు, ట్యూషన్ వాటా మీద ఉండదు, ఈ తేడా మాకు మొదటి సెమిస్టర్ బిల్లు చూశాకే తెలిసింది. మా అగ్రిమెంట్ ఏడాదికోసారి రెన్యువల్.

మరి డబ్బు దండగేనా అంటే, ఆ కుర్రాడితో గడిపిన ఆరు నెలలకి ఒక 40,000 రూపాయలు ఇవ్వొచ్చు. ఇంగ్లిష్‌లో మెయిల్ రాసుకోలేని, నెట్‌లో వెతికే తీరిక లేని ఇంటికి మంచి మనిషి దొరికితే ఇలాంటి సర్వీసు ఉపయోగమే, కానీ మనిషిని చూసి కట్టండి, ఆఫీసుని చూసి కాదు, నాలుగో పేజీ చదివి కట్టండి.

పాప వెళ్ళిన నెలకి ఏజెన్సీ ఇన్‌స్టాగ్రామ్‌లో తన ఫొటో, కింద '100% స్కాలర్‌షిప్, మా విద్యార్థిని'. తీయించడానికి మూడు వారాలు పట్టింది. మొన్న దసరాకి మళ్ళీ అదే నంబర్ నుంచి ఫోన్, 'నమస్తే మేడమ్, బాబు కూడా ఉన్నాడు కదా, ఎన్నో క్లాసు ఇప్పుడు?' అని. ఏడో క్లాసు. నీళ్ళంటే వాడికి చచ్చేంత భయం, తలస్నానానికే ఇల్లంతా తిప్పిస్తాడు.